విశ్వాసమ్మ గాజుగ్లాసు

ముందు జుట్టు కొస ఒకటి కత్తిరించి గాజుగ్లాసులో వేసి చూడకుండా విశ్వాసమ్మ ఎవరి తలకూ రంగు పెట్టదు. ఎమ్మిగనూరు నేతపేటలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. లక్ష్మన్నకూ తెలుసు. కాకపోతే అది తనకు వర్తించదనుకున్నాడు.

లక్ష్మన్న వార్డు ఎన్నికలో నిలబడిన ఏడు అది. ఫ్లెక్సీకి ఫోటో దిగాలి, ఫోటోలో తల నిగనిగలాడాలి. ఆదివారం మధ్యాహ్నం విశ్వాసమ్మ చర్చి నుంచి వచ్చి చెప్పులైనా విడవకముందే, నలుగురు మనుషులను వెంటేసుకొని వచ్చి ఆమె పార్లరు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురింటి అరుగు మీద అంజనమ్మ చింతపండు పిక్కలు తీస్తూ ఉంది. అంజనమ్మకు అరవై నాలుగేళ్లు. చదివింది మూడో తరగతి, అదీ సగమే. ఆ మిగిలిన చదువంతా నోటికి వచ్చింది. విశ్వాసమ్మ ఇంట్లో ఎప్పుడు గొడవ జరిగినా కనబడాలని ఆమె ఇంటిపనులన్నీ అరుగు మీదే పెట్టుకునేది.

"ఇన్నాళ్లూ తలకు ఏం పూస్తాండావప్పా?" అని విశ్వాసమ్మ అడిగింది.

"గోరింటాకే."

"నూరిన ఆకా, పొట్లమా?"

"పొట్లమే. నల్ల గోరింటాకు. శానా మంచిది."

"గోరింటాకు ఎర్రగా పండుతాది. నల్లగా పండిందంటే దాంట్లో ఇంకేదో ఉండాది. చూడల్ల."

"చూసేదేముండాది? పుయ్యి, ఫోటో ఆయప్ప కాచుకోని ఉండాడు..."

మాట పూర్తికాకముందే కత్తెర కిచ్చుమంది. లక్ష్మన్న చెవి వెనక చిటికెడు జుట్టు ఆమె వేళ్ల మధ్యకు వచ్చేసింది.

"ఎవురి తల కోసినావో తెలుసునా?" అంటూ లక్ష్మన్న లేచాడు. వెంట వచ్చిన నలుగురూ కూడా లేచారు. వాళ్లు అసలు కూర్చోనే లేదు, అయినా లేచారు.

"తెలుసు. కూర్చో."

లక్ష్మన్న అంగడి మూయిస్తానన్నాడు. కరెంటు తీయిస్తానన్నాడు. నువ్వు ఈ ఊరి మనిషివే కాదు, రాయచోటి పక్క నుంచి వచ్చినదానివన్నాడు. ఆలోపు విశ్వాసమ్మ గాజుగ్లాసులో, డబ్బా రంగులో కలిపే డెవలపరు నీళ్లు పోసి, నాలుగు చుక్కలు అమ్మోనియా వేసి, ఆ జుట్టును ముంచింది. ఆయన రెండో విడత తిట్లు మొదలుపెట్టేలోపే గ్లాసు సోడా కొట్టినట్టు పొంగింది. కొమ్ము కాలిన వాసన వీధి దాటి అరుగు దాకా వచ్చింది.

"గ్లాసు పట్టుకోప్పా."

పట్టుకున్నాడు. పట్టుకున్నంత వేగంగా వదిలేశాడు.

"ఇదే నీ నెత్తిన జరిగింటే, ఫ్లెక్సీలో ఓటెయ్యండి అని కాదు, గుండు మీద జాలి చూపండి అని రాయించల్లసి వచ్చేది."

నలుగురు మనుషుల్లో ఇద్దరు నవ్వారు. లక్ష్మన్న కూర్చున్నాడు. "మరి ఇప్పుడేం చెయ్యల్లమ్మా?" అన్నాడు, మొదటిసారిగా అమ్మా అని.

"టవలు చుట్టుకో."

ఆకుపచ్చ టవలు తలకు చుట్టుకొని ఫోటో దిగాడు. ఫ్లెక్సీ చూసినవాళ్లంతా సేద్యం చేసే మనిషనుకొని ఓట్లేశారు. గెలిచాడు. ఇంతవరకు ఆ టవలు తీయలేదు.

అంజనమ్మ అరుగు మీద కూర్చొని ఆ గొడవంతా చూసింది. విశ్వాసమ్మ గెలిచినందుకు ఆమెకు ఆ రోజు అన్నం సయించలేదు.

అప్పటినుంచి ఎమ్మిగనూరులో "గ్లాసు ఏమన్నాది?" అనడం అలవాటైపోయింది. సంతలో ఎద్దును బేరం చేసేవాడు అంటాడు. పెళ్లికొడుకును చూసి వచ్చిన మేనమామను అంటారు. పరీక్ష రాసి వచ్చిన పిల్లవాణ్ణి అంటారు. విశ్వాసమ్మకు మాత్రం అది నవ్వులాట కాదు. ఉత్త ఆకు పూసుకున్న తలైతే గ్లాసు మర్నాటిదాకా చల్లగా ఉంటుంది, అప్పుడు రంగు పెడుతుంది. పొట్లాల్లో ఏవేవో కలిపి అమ్మినది పూసుకున్న తలైతే గ్లాసు ఉడుకుతుంది, నురగ కడుతుంది, కంపు కొడుతుంది. దాన్ని ఆమె "గ్లాసు చెప్పింది" అంటుంది. గ్లాసు కాదన్నాక దండం పెట్టినా రంగు పెట్టదు. అవునన్నా సరే, చెవి వెనక ఇంత రంగు చుక్క పెట్టి, దురద పుడుతుందేమో ఒక రాత్రి చూడమంటుంది. కాబట్టి ఆమె దగ్గరకు ఎవరు వచ్చినా, ఎప్పుడు వచ్చినా, వినబడేది ఒక్కటే మాట: "రేపు రా."

హర్షవర్ధన్ పెళ్లిచూపుల పొద్దున వచ్చాడు. "రేపు రా" అంది. "రేపొస్తే ఏం లాభమత్తా, ఈ పొద్దు కదా పిల్ల చూసేది" అని ఏడుపుమొగం పెట్టాడు. నెరిసిన తలతోనే పోయాడు. పిల్ల అతని తల చూసి ఊపిరి పీల్చుకుంది, ఆ పిల్లకూ నెరిసింది. పాస్టరు వసంతకుమార్ క్రిస్మసుకు వారం ముందు వచ్చాడు. కత్తెర కాస్త లోతుకు పోయింది. ఆ ఆదివారం ప్రసంగం సాగినంతసేపూ సంఘమంతా వాక్యాన్ని వదిలి ఆయన చెవి వెనక సందు మీదే మనసు నిలిపింది.

కత్తిరించిన కొసల్లో కొంత గ్లాసుకు పోతే, మిగతాది కాగితంలో మడిచి, పేరు రాసి, రేకుపెట్టెలో దాచేది. ఇంతమంది జుట్టు ఎందుకు దాస్తుంది? చేతబడి అన్నారు కొందరు. "చేతబడి చేసేదైతే ముందు మా ఆడబిడ్డకు చేసింటా" అని విశ్వాసమ్మ నవ్వేది.

ఆ ఆడబిడ్డ సంగతి చెప్పాలి. ఆమెకు డబ్బా రంగంటే పిచ్చి. విశ్వాసమ్మ భర్త దావీదురాజు పోయినప్పుడు, అన్న అంత ముసలిగా కనబడకూడదని, శవపెట్టెలో పడుకోబెట్టాక మీసాలకు రంగు పూసేసింది. అప్పుడు విశ్వాసమ్మ ఏడుపులో ఉంది, చూసుకోలేదు. మోయడానికి వచ్చినవాళ్లు పెట్టెలోకి తొంగి చూసి, ఇది ఎవరి పెట్టె అని అడిగారు. ఆ తర్వాత విశ్వాసమ్మ ఆ ఆడబిడ్డను గడప దాటనిచ్చేది, డబ్బాను దాటనిచ్చేది కాదు. రంగు పెట్టి బతికే మనిషి తన తల మాత్రం పత్తికాయ పగిలినట్టు తెల్లగా ఉంచుకుంది. ఎందుకని అడిగితే, "నాకు రేపు రమ్మని ఎవరు చెప్తారు?" అనేది.

ఇవన్నీ చెప్పుకొని నవ్వేవాళ్లలో అంజనమ్మ ఉండదు.

"చెల్లెలి తల కాల్చుకున్నాక వచ్చిన తెలివది" అంటుంది, విశ్వాసమ్మకు వినబడేటట్టు. "ముందే ఒక కొస కోసి చూసింటే, ఆ పిల్ల ఈ పొద్దు నలుగురు బిడ్డల తల్లి అయ్యుండేది."

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఇరవై ఏళ్ల కిందట విశ్వాసమ్మ ఇంట్లోనే ఉండే చెల్లెలు ఏసుమణికి పెళ్లి కుదిరింది. మోకాళ్లు దాటే జడ ఆ పిల్లది. పెళ్లికి ముందురోజు విశ్వాసమ్మ కొత్తరకం రంగు డబ్బా తెచ్చి ముచ్చటగా పూసింది. అప్పుడు గ్లాసూ లేదు, రేపు రమ్మనడమూ లేదు. కాసేపటికే పిల్ల మంట అని అరిచింది. తల నుంచి ఆవిరి లేచింది. బిందెలకు బిందెలు గుమ్మరిస్తే జడ జడగానే విశ్వాసమ్మ చేతిలోకి ఊడివచ్చింది. నడినెత్తిన చర్మం ఉడికిపోయింది. మగపెళ్లివాళ్లు ఆసుపత్రి దాకా వచ్చి, వార్డు వాకిట్లోనే నిలబడి చూసి, వచ్చిన బండిలోనే వెనక్కు పోయారు. ఏసుమణి ఆరు నెలలు ముసుగు తీయలేదు. తర్వాత రాయచోటి ఏజెంటును పట్టుకొని కువైట్‌కు ఇంటిపనికి పోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అంజనమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. తనకు పిల్లలు లేరు. పెళ్లి కుదిరిన నెలంతా ప్రతి ఆదివారం ఏసుమణిని తన అరుగు మీద కూర్చోబెట్టుకొని, ఆ పొడుగు జడ విప్పి, పాయ పాయకూ తన చేత్తో గోరింటాకు పట్టించింది. అంత ముద్దు చేసిన తలను విశ్వాసమ్మ కాల్చేసింది. రెండు నెలలకు అంజనమ్మ భర్త సోమశేఖర్, మగ్గం మీద దగ్గీ దగ్గీ, ఒక మధ్యాహ్నం మగ్గం మీదే పోయాడు. మగ్గం కింద కాళ్లుంచే గుంత పూడ్చేశారు. ఇంట్లో పలకరించే మనిషి లేకుండా పోయాడు. మిగిలింది ఎదురింటి విశ్వాసమ్మ. ఆమెను పలకరించడానికి అంజనమ్మకు తిట్లు తప్ప వేరే మాట లేకపోయింది. ఇరవై ఏళ్లు తిట్టింది. పండగరోజు కూడా సెలవు ఇవ్వలేదు.

మగ్గం పోయాక ఆమె బతుకంతా చీరల అంగడే. ఉదయం తొమ్మిదికి నిలబడితే దీపాలు పెట్టేదాకా నిలబడే ఉండాలి, చీర మడత విప్పి చూపించాలి, కొనకుండా పోయినదాన్ని మళ్లీ మడత పెట్టాలి. అంగడి పెద్దాయన పోయి కొడుకు ఉమామహేశ్వర గల్లాపెట్టె దగ్గరకు వచ్చాడు. అద్దాలు పెట్టించాడు, ఏసీ పెట్టించాడు. ఒక శుక్రవారం అంజనమ్మను పక్కకు పిలిచాడు.

"అవ్వా, నీ తల..."

"నా తలకేమైందప్పా? మెడ మీదనే ఉండాది కదా."

"అద్దాల్లో చూస్తే తుప్పు పట్టిన రేకు మాదిరి కనపడ్తాండాది. కస్టమర్లు చీరలు వదిలి నీ తలే చూస్తాండారు. సోమవారానికి నల్లగా చేసుకోని రా. లేకుంటే... ఇంగ ఇంట్లోనే ఉండు. నీకూ వయసైంది కదా."

నిన్నటిదాకా పెద్దమ్మా అని పిలిచిన నోరు. ఆ అంగడి లేకపోతే అంజనమ్మకు పొయ్యి లేదు. అవ్వా అన్నందుకు నాలుగు అంటించాలని నాలుక దాకా వచ్చింది. ఆ మాట మింగుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే.

తల తుప్పురంగుకు తిరిగిన మాట నిజమే. అయినా అది ఆషామాషీ తుప్పు కాదు. అంజనమ్మ పుట్టిల్లు నూలుకు రంగులద్దే ఇల్లు. చీర అంచుకు నల్లరంగు కావాలంటే వాళ్ల నాయన తుప్పు పట్టిన మేకులు, పాత లాడాలు కుండలో వేసి, బెల్లం కలిపి, ఇరవై రోజులు పులియబెట్టేవాడు. నల్లనీళ్లు అనేవాళ్లు వాటిని. ఆ నల్లనీళ్లు గోరింటాకులో కలిపి తలకు పెట్టుకుంటే ఎరుపు నలుపుకు తిరుగుతుందని అంజనమ్మే కనిపెట్టింది. పొట్లం ముట్టని మనిషినని ఆమె గర్వం. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెంబులతో పంచింది. పేట మొత్తంలో ఆ నల్లనీళ్లు ఎరగని ఆడదాని తల లేదు. ఈ మధ్య తన జుట్టు బాగా నెరిసి, నలుపు పట్టక తుప్పు మిగిలింది, అంతే.

విశ్వాసమ్మ దగ్గరకు పోవడమా! అంతకన్నా అంగడి మానుకోవడం మేలు. శనివారం అంగడికి పోలేదు. బజారు నుంచి డబ్బా రంగు తెచ్చింది. వేల నూలుచుట్టలు, వాళ్ల మాటలో చిలపలు, రంగులో ముంచిన ఇంటి పిల్లకు ఒక తల లెక్కా? పెరట్లో చీకటని గిన్నె తీసుకొని అరుగు మీదకు వచ్చి కూర్చొని కలపడం మొదలుపెట్టింది. తను ఇరవై ఏళ్లుగా ఎదురింటిని చూస్తుంటే, ఎదురిల్లు కూడా తనను చూస్తూ ఉంటుందని ఆమెకు తట్టలేదు.

విశ్వాసమ్మ సగం కత్తిరించిన తలను కుర్చీలో వదిలేసి వీధి దాటి వచ్చింది.

"అంజనక్కా, గిన్నె కింద పెట్టు."

"నా గిన్నె, నా తల. నీకేమే?"

"కొస చూడకుండా పెట్టొద్దు."

"ఎవురికి చెప్తాండావే? మా నాయన రంగుతొట్టి దగ్గర పెరిగినదాన్ని! చెల్లెలి తల కాల్చినదానివి, నువ్వా నాకు చెప్పేది? నీ గ్లాసూ, నీ కత్తెరా, నీ..."

గట్టిగా తిట్టేటప్పుడు అంజనమ్మ కళ్లు మూసుకుంటుంది. అది విశ్వాసమ్మకు ఇరవై ఏళ్లుగా తెలుసు. కళ్లు తెరిచేసరికి కొస ఆమె చేతిలో ఉంది.

గ్లాసు తెచ్చి అరుగు మీదే పెట్టింది. లక్ష్మన్న జుట్టు పొంగితే, అంజనమ్మ జుట్టు దూకింది. నురగ గ్లాసు దాటి అరుగు మీదికి కారింది. అంజనమ్మ పంతంగా గ్లాసు పట్టుకొని, చెయ్యి కాలి విదిలించుకుంది. లోపల జుట్టు ఉడికిన సేమియాలా విడిపోయింది. కొమ్ము కాలిన వాసన లేచింది. ఇదివరకు ఈ వాసన వీధి అవతలి నుంచి వచ్చేది, ముక్కు తిప్పుకునేది. ఇప్పుడు మొహం మీదికి కొట్టింది. ఇంత దగ్గరగా అంతకుముందు ఒక్కసారే పీల్చింది. ఏసుమణి తల ఒళ్లో పెట్టుకొని బిందెలతో నీళ్లు పోసిన రోజు.

"పొట్లం పుయ్యను నేను" అంది అంజనమ్మ. "సొంత ఆకు. దాంట్లో మా నల్లనీళ్లు. అంతే."

విశ్వాసమ్మ తలూపింది. ఆశ్చర్యపోలేదు. అది చూశాక అంజనమ్మ రంగు గిన్నెను దూరంగా నెట్టింది.

"విశ్వాసమ్మా. నెల రోజులు నేను ఆ పిల్ల తలకు పెట్టింది ఇదే."

"అవునక్కా."

"డబ్బా రంగు కాదు కాల్చింది. నా నల్లనీళ్ల మీద పడి కాలింది."

"రెండూ కలిసి కాలింది. ఒకటి నీది, ఒకటి నాది."

"నీకు ఎప్పుడు తెలుసు?"

"అప్పుడే. కాలని జడ కొస ఒకటి దాచినా. నువ్వు దువ్వుకొని గోడసందులో పెట్టే ఎంటికలు తెచ్చి పక్కన పెట్టి చూసినా. రెండు నెలలు చూసినా, రెండూ ఒకే మాట చెప్పినాయి."

"చెప్పకుంటివేమే!"

"చెప్పల్లనే వచ్చినా. వచ్చిన పొద్దు మీ ఇంటి ముందర పాడె కడ్తాండారు. పాడె దగ్గర చెప్పే మాటా అది? మూడు వారాలు పోనీ అనుకున్నా. ఆ మూడు వారాలూ నువ్వు పొయ్యి వెలిగించలేదు. నాలుగో వారం అరుగు మీదికొచ్చి నన్ను తిట్టినావు. తిట్టి, లోపలికి పోయి అన్నం వండుకున్నావు. పొగ కనపడింది. సరే, తిట్టనీలే అనుకున్నా."

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. అంజనమ్మ అరుగు అంత నిశ్శబ్దంగా ఉంటే ఎవరో పోయారేమో అనుకున్నారు.

"మరి ఈ గ్లాసు? ఊరందరి తలా కోసేది?"

"పేట అంతా నీ నల్లనీళ్లే కదక్కా. వీళ్లకు రంగు వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెప్తే నీ పేరు వస్తాది. నీ పేట తలలు కోసి వేరేవాళ్లవి వదిలితే పట్టుకుంటారు. అందుకే అందరివీ కోస్తాండా. పాస్టరుదీ కోసినా."

పేరు రాసి దాచిన ఆ కాగితం మడతలు అంజనమ్మ తర్వాత చూసింది. సగానికి పైగా మడతల మీద, పేరు పక్కన, చిన్న నల్ల చుక్క ఉంది. అంతకుమించి ఏమీ రాయలేదు.

వాళ్ల నాయన చిలప తొట్టిలో ముంచేముందు ఎప్పుడూ ఒక పోగు తెంపి ముంచి చూసేవాడు. నూలుకు చూసేవాడు. ఆ ఇంట్లో పెరిగిన అంజనమ్మ మనిషి తలకు మాత్రం ఒక్కనాడూ చూడలేదు. అది ఆమెకు ఆ అరుగు మీదే గుర్తొచ్చింది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు, ఎన్నడూ నేర్చుకోలేదు. కాబట్టి తనకు వచ్చిందే చేసింది.

"ఇరవై ఏండ్లు నోట్లో ఏం పెట్టుకోని ఉంటివే, మూగదానా! నాతో ఇన్ని తిట్లు తిట్టించుకోని పుణ్యమంతా నువ్వు మూట కట్టుకుంటివి కదే! నాకేం మిగిల్చినావే!" అని కళ్లు మూసుకోకుండా తిట్టింది. మూసుకునే వీలు లేదు, నీళ్లు ఆగడం లేదు.

"సరేలే, సోమవారం సంగతి చూడు" అంది విశ్వాసమ్మ. "మా అన్న చేలో నీలిమందు పైరు ఉండాది. ఆకు ఎండబెట్టి దంచిన పొడి డబ్బాలో ఉండాది. దానికి ఈ మండే నీళ్లు అక్కర్లేదు. గోరింటాకు తల మీద పెడితే నల్లగా తిరుగుతాది."

"నీలాకా! అది ముందే చెప్పకపోతివా? తే, పెట్టు!"

"రేపు రా."

"ఆకే కదే!"

"ఆకైతేనేమి? కొస చూడల్ల. దాంట్లో ఏం కలిసిందో ఎవురికి తెలుసు?"

"మీ అన్న చేలోదే కదే!"

"మా అన్ననైతే నేను అస్సలు నమ్మను."

కొస చూశారు, చెవి వెనక చూశారు. ఆదివారం చర్చి అయ్యాక నీలాకు కలపడం దగ్గర మళ్లీ జగడం. విశ్వాసమ్మ మరుగుతున్న నీళ్లు పోయబోతే అంజనమ్మ చెయ్యి పట్టుకుంది. "నీలికి ఉడుకునీళ్లు పోస్తావా? చంపుతావా దాన్ని? గోరువెచ్చగా పొయ్యి!" పోసింది. పెట్టింది. సాయంత్రం కడిగేసరికి తల పచ్చగా, నాచు పట్టిన బావిమెట్టులా తేలింది. విశ్వాసమ్మ మొహం పాలిపోయింది. కుర్చీ పట్టుకొని, "యేసయ్యా, మళ్లీనా" అంది.

అంజనమ్మ అద్దంలో చూసుకొని నవ్వింది. "పిచ్చిదానా, తొట్టిలోంచి తీసినప్పుడు నూలు పచ్చగానే ఉంటాది. గాలి తగిలితే తిరుగుతాది. రేపు రా, చూపిస్తా."

ఆ మాట అంజనమ్మ నోటి నుంచి వచ్చిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

సోమవారం తెల్లవారేసరికి తల నల్లగా ఉంది. చెవులు నీలంగా ఉన్నాయి. ఉమామహేశ్వర చుట్టూ తిరిగి చూసి తలూపాడు. ఒక కస్టమరు అడిగింది: "ఏమ్మా, నీ చెవులు నీలంగా ఉండాయే?" "మా చీరల రంగు అంత గట్టిదమ్మా. నా చెవికి అంటుకున్నదే పోలేదు, నీ చీరలో ఎట్ల పోతాది?" అని అంజనమ్మ ఆమెకు రెండు నీలం చీరలు అంటగట్టింది. మధ్యాహ్నం ఉమామహేశ్వర మెల్లగా దగ్గరికొచ్చి, తన చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు చూపించి, "పెద్దమ్మా, నువ్వేం పెట్టినావు?" అన్నాడు.

"రేపు రా" అంది అంజనమ్మ.

ఆ వారమే, పూడ్చిన మగ్గం గుంత పక్కనే ఇంకో గుంత తవ్వి, నల్లనీళ్ల కుండను పాతేసింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. ఇరవై ఏళ్లు తను పంచిన గర్వాన్ని గడప గడపకూ పోయి వెనక్కు అడిగింది. "నా నల్లనీళ్లు పూసుకున్న తలకు డబ్బా రంగు పెట్టొద్దండి, కాలుతాది. ఏసుమణి తల నా వల్లే కాలింది, విశ్వాసమ్మ వల్ల కాదు" అని ఒక్కో ఇంట్లో ఒక్కోసారి చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు మొహం తిప్పుకున్నారు. ఒకామె, "ఇరవై ఏండ్లకు చెప్తాండావా?" అంది. ఆ మాటకు మాత్రం తల వంచుకొని దిగివచ్చింది.

కువైట్‌కు ఫోన్ చేయించుకొని ఏసుమణికీ చెప్పింది. "నాకు తెలుసు అంజనక్కా. అక్క అప్పుడే చెప్పింది. నీకు చెప్తే నా గొంతు పిసుకుతానని కూడా చెప్పింది" అని ఆ పిల్ల నవ్వింది. పిల్లంటే నలభై దాటిన పిల్ల. జుట్టు మళ్లీ అంత పెరగలేదట. పొట్టిగా కత్తిరించుకుంటుందట.

రెండేళ్లు ఇద్దరూ అరుగు పంచుకొని కూర్చున్నారు. అప్పుడు విశ్వాసమ్మ కాళ్లు వాచాయి. మూత్రపిండాలు చెడిపోయాయన్నారు. వారానికి రెండుసార్లు కర్నూలు పోయి రక్తం కడిగించుకోవాలి. అంజనమ్మ అంగడికి సెలవు పెట్టి వెంట పోయేది. ఆ వార్డులో కూడా విశ్వాసమ్మ ఊరుకోలేదు. నర్సమ్మ నల్ల గోరింటాకు పూసుకుంటుందని తెలిసి, ఒక చేతికి సూది ఉండగానే రెండో చేత్తో కత్తెర అడిగింది. నర్సమ్మ కోపంతో పోయి, మర్నాడు తనే కొస కోసుకొని కాగితంలో తెచ్చింది.

ఈ ఎండాకాలానికి కర్నూలు పోవడం కూడా కుదరలేదు. ఒళ్లు ఓర్చుకోవడం లేదని డాక్టర్లే వద్దన్నారు. విశ్వాసమ్మ పార్లరు గదిలోనే మంచం వేయించుకుంది, అద్దానికి ఎదురుగా. ఒక పగలు అంజనమ్మ ఆమె తలలో పేన్లు లేకపోయినా పేన్లు చూస్తూ కూర్చుని ఉంది.

"అంజనక్కా, నువ్వొక పని చెయ్యల్ల."

"చెప్పు. ఎవురిని తిట్టల్ల?"

"నేను పోతానే మా ఆడబిడ్డ డబ్బా పట్టుకోని వస్తాది."

"వస్తే దాని చెయ్యి విరుగుతాది."

"విరచొద్దు. దానికి అందకుండా నా తలకు నువ్వే నీలాకు పెట్టు. కానీ ఊరికే పెట్టొద్దు. ముందు కొస కోసి గ్లాసులో వెయ్యి."

అంజనమ్మ దువ్వెన కింద పెట్టింది. "నీకు నిజంగానే పిచ్చే. పోయినాక తల కాలితే నీకు నొప్పా?"

"నొప్పికి కాదక్కా." విశ్వాసమ్మ దిండు మీద తల పైకి జరుపుకుంది. "ఎండాకాలం. పొద్దున పోతే మధ్యాహ్నానికి పెట్టె మూసేస్తారు మావాళ్లు. కువైట్ నుంచి మనిషి రావల్లంటే ఒక పగలూ ఒక రాత్రీ పడ్తాది. చెల్లెలు వస్తాండాది ఆగండని అడిగితే ఎవురూ ఆగరు. గ్లాసు కోసమైతే ఆగుతారు. ఈ ఊర్లో నా గ్లాసుకు ఆగని తల లేదు."

అంజనమ్మ కిటికీలో ఉన్న గాజుగ్లాసు వైపు చూసింది. అడుగున ఎప్పటిదో మరక, ఎంత తోమినా పోనిది. కొంగుతో ముక్కు గట్టిగా తుడుచుకుంది.

"పాస్టరు వస్తే?"

"రేపు రమ్మను."

"లక్ష్మన్న పూలదండ తెస్తే?"

"రేపు రమ్మను. టవలు తీసి రమ్మను."

"మీ ఆడబిడ్డ గుండెలు బాదుకోని, మా వదిన పెట్టె మూయనీకుండా చేస్తాండావా అని నా మీదికొస్తే?"

"గ్లాసు ఇంగా ఏమీ చెప్పలేదని చెప్పు" అంది విశ్వాసమ్మ. "ఇరవై ఏండ్లు నన్ను తిట్టినావు కదక్కా. ఆ ఒక్క పొద్దు నా తరఫున తిట్టు."